ఫెరెట్‌ను ఇంటికి తెచ్చే ముందు: బొచ్చు రంగులు, పెంపకం పద్ధతులు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఫెరెట్‌ను మొదటిసారి చూసినవారు చాలామంది దానిని ముంగిస అనుకుంటారు. పొడుగాటి ఒళ్లు, పొట్టి కాళ్లు, సన్నని మూతి, నేల వాసన చూస్తూ గోడవారనే సాగే నడక చూస్తే అలా అనుకోవడంలో వింత లేదు. అయితే ఈ రెండింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ముంగిసది హెర్పెస్టిడే కుటుంబం. ఫెరెట్‌ది ముస్టెలిడే, అంటే మన నదుల్లో తిరిగే నీటికుక్కల కుటుంబం. ఐరోపాలోని పోల్‌క్యాట్ అనే అడవి జంతువును మనుషులు రెండు వేల ఏళ్ల కిందటే మచ్చిక చేసి, కుందేళ్లను బొరియల్లోంచి బయటికి తరమడానికీ, ఎలుకలను పట్టడానికీ వాడుకుంటూ వచ్చారు. ఆ మచ్చిక నుంచి వచ్చిందే నేటి ఫెరెట్.

ఈ తేడా పెంచేవారికి చట్టరీత్యా కూడా ముఖ్యం. ముంగిసకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి దానిని పట్టడం, ఇంట్లో పెంచడం నేరం. ఫెరెట్ మన అడవుల జంతువు కాదు, పెంపుడు జాతి. అయినా విదేశం నుంచి ఏ సజీవ జంతువును తేవాలన్నా కేంద్ర ప్రభుత్వ అనుమతీ, క్వారంటైన్ తనిఖీ అవసరం; జంతువులను అమ్మే దుకాణం 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదై ఉండాలి. అందువల్ల ఎక్కడ పుట్టిందో చెప్పలేని పిల్లను, బిల్లు ఇవ్వని మనిషి దగ్గర, అది ఎంత అందంగా ఉన్నా, కొనకూడదు. కొన్న తర్వాత బిల్లు, టీకాల కార్డు, జంతువు ఫొటో ఒకేచోట భద్రపరచుకోవాలి.

కొనాలనుకునేవారు ముందుగా అడిగేది రంగు గురించే. నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసినవి వేరే రెండు ఉన్నాయి: వేసవిలో పగలంతా చల్లగా ఉంచగలిగిన గది ఇంట్లో ఉందా, ఏడాది పొడవునా మాంసాహారం పెట్టడానికి ఇంటివారు ఒప్పుకుంటారా. ఈ రెండింటిలో దేనికి ‘లేదు’ అన్న జవాబు వచ్చినా ఫెరెట్ ఆలోచన మానుకోవడమే ఆ ప్రాణికి మేలు. రెండింటికీ ‘ఉంది’ అని చెప్పగలిగినవారు రంగుల విషయం తప్పకుండా నేర్చుకోవాలి. ఎందుకంటే ఫెరెట్ బొచ్చు అందానికి మాత్రమే సంబంధించినది కాదు, దాని వినికిడి గురించీ, వయసు గురించీ, ఒంట్లో మొదలవుతున్న జబ్బు గురించీ అది ముందుగానే చెబుతుంది.

బొచ్చును చూడవలసిన తీరు

ఫెరెట్ ఒంటి మీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడుగ్గా, కొంచెం గరుకుగా ఉండేవి పై వెంట్రుకలు; వాటి కింద దట్టంగా, మెత్తగా, దూదిలా ఉండేది లోనూగు. మనం దూరం నుంచి చూసి ‘ఈ ఫెరెట్ ఫలానా రంగు’ అనేది పై వెంట్రుకలను బట్టి. లోనూగు సాధారణంగా తెలుపు నుంచి మీగడ రంగు వరకు, కొన్నింటిలో లేత బంగారు ఛాయలో ఉంటుంది. ట్యూబులైటు కింద గోధుమ రంగు నల్లగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి, నీడ పట్టున పగటి వెలుతురులో నిలబడి, వీపు మీద బొచ్చును వేలితో పాయ తీసి రెండు పొరలనూ విడివిడిగా చూడాలి. ఆ తర్వాత కళ్లు, ఆపైన ముక్కు చూడాలి. ఈ మూడూ కలిపితేనే రంగు తేలుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది సేబుల్. దీని పై వెంట్రుకలు వేయించిన కాఫీ గింజల రంగులో, లోనూగు మీగడ రంగులో, కళ్లు ముదురు గోధుమ నుంచి దాదాపు నలుపు వరకు ఉంటాయి. కళ్ల చుట్టూ గంతలు కట్టినట్టు ముదురు పట్టీ ఉంటుంది. అడవి పోల్‌క్యాట్ రంగుకు ఇదే దగ్గర. పై వెంట్రుకలు నలుపు తిరిగిన గోధుమ రంగులో ఉండి, ముక్కు కూడా నల్లబారి ఉంటే అది బ్లాక్ సేబుల్. గోధుమ ఛాయ అసలే లేకుండా కాటుక రంగులో ఉంటే బ్లాక్. ఈ మూడింటినీ అమ్మేవారు తరచుగా కలిపేసి చెబుతారు. నలుపుకు ఎక్కువ ధర అడిగినప్పుడు ఎండ వెలుతురులో పాయ తీసి చూస్తే గోధుమ ఛాయ ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది.

గోధుమ వన్నెల్లో చాక్లెట్, సినమన్, షాంపేన్ అనే మూడు పేర్లు వినిపిస్తాయి. చాక్లెట్ పై వెంట్రుకలు మంచి వెచ్చని గోధుమ రంగులో ఉంటాయి. ముక్కు గులాబీ, లేత గోధుమ లేదా ఇటుక రంగులో ఉంటుంది. సినమన్ పేరుకు తగినట్టే దాల్చినచెక్క రంగు: లేతదే గాని ఎరుపు తొంగిచూసే గోధుమ. షాంపేన్ అంతకంటే పలచన; పలాస జీడిపప్పును నేతిలో దోరగా వేయించినప్పుడు వచ్చే రంగును తలచుకుంటే సరిపోతుంది. సినమన్, షాంపేన్ రంగుల ఫెరెట్ల కళ్లు తరచుగా నేరేడు పండు రసం లాంటి ముదురు ఎరుపులో మెరుస్తాయి. అది జబ్బు కాదు, వాటి పుట్టుక రంగే.

తెల్లవాటిలో రెండు రకాలు ఉన్నాయి, వాటిని విడదీసేది కన్ను. ఒంట్లో రంగు పదార్థమే తయారు కాక కళ్లు గులాబీ ఎరుపులో, ముక్కు గులాబీలో ఉంటే ఆల్బినో. ఒళ్లంతా తెల్లగా ఉండి కళ్లు మాత్రం ముదురు రంగులో ఉంటే డార్క్ ఐడ్ వైట్. దీని వీపు మీద అక్కడక్కడ నల్ల వెంట్రుకలు కూడా కనిపించవచ్చు. ఆల్బినో కళ్లు తీవ్రమైన వెలుతురును ఓర్చుకోలేవు కాబట్టి దాని పడకను కిటికీకి ఎదురుగా పెట్టకూడదు.

రంగు వేరు, వన్నెల అమరిక వేరు. ఒకే చాక్లెట్ రంగు ఒక దానిలో ఒళ్లంతా దాదాపు ఒకే తీరుగా పరుచుకుంటే దానిని సాలిడ్ అంటారు. కాళ్లు, తోక ముదురుగా, నడుము భాగం కొంచెం లేతగా ఉండేది స్టాండర్డ్. కాళ్లకూ తోకకూ ఒంటికీ మధ్య తేడా సియామీ పిల్లిలో లాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తే అది పాయింట్. పై వెంట్రుకల్లో దాదాపు సగం తెల్లవి కలిసి ఉప్పూ మిరియాలూ చల్లినట్టు ఉంటే రోన్. నాలుగు పాదాలకూ తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండి గొంతు కింద తెల్ల మచ్చ ఉండేది మిట్. నుదుటి నుంచి చెవుల మధ్యగా మెడ దాకా తెల్ల చార పాకితే బ్లేజ్. తల మొత్తం, ఒక్కోసారి మెడ కూడా తెల్లగా ఉంటే పాండా.

ఈ చివరి రెండింటి దగ్గర కొనేవారు ఆగి ఆలోచించాలి. తల మీద తెల్ల చార గాని, తెల్ల తల గాని ఉన్న ఫెరెట్లలో చాలావాటికి పుట్టుకతోనే చెవుడు ఉంటుంది. మనుషుల్లో వార్డెన్‌బర్గ్ సిండ్రోమ్ అని పిలిచే స్థితికి ఇది పోలిక. గర్భంలో ఉన్నప్పుడు రంగును మోసుకెళ్లే కణాలు తల భాగానికి సరిగా చేరకపోతే అక్కడి వెంట్రుకలు తెల్లబడతాయి. లోపలి చెవికి కూడా ఆ కణాలే అవసరం కాబట్టి వినికిడి పోతుంది. పరీక్షించాలంటే జంతువు వెనుక, దానికి కనిపించకుండా, నేల అదరకుండా, గాలి తగలకుండా కాగితం నలిపి చూడాలి. చప్పట్లు కొడితే గాలి కదలికకు తిరిగి చూసి మనల్ని తప్పుదారి పట్టించవచ్చు. చెవుడున్న ఫెరెట్ మంచి పెంపుడు జంతువే. దానిని నిద్రలో ఉన్నట్టుండి ముట్టుకోకుండా, ముందు చేతిని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిచ్చి లేపడం, నేలను వేళ్లతో తట్టి పిలవడం అలవాటు చేస్తే చాలు. కొనేటప్పుడు తెలియక, తర్వాత ‘పిలిస్తే రాదు, కరుస్తుంది’ అని వదిలించుకోవడం మాత్రం అన్యాయం.

రంగు మారినప్పుడు

పిల్లలు ఏ రంగుకు చెందినవైనా పుట్టినప్పుడు పలచని తెల్లని నూగుతో ఉంటాయి. వారాలు గడిచే కొద్దీ అసలు రంగు బయటపడుతుంది. అందువల్ల మరీ చిన్న పిల్లను చూపించి రంగు హామీ ఇచ్చేవారి మాట నమ్మనక్కర లేదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరుచేయడం ఎలాగూ తగదు.

పెద్ద ఫెరెట్ ఏడాదికి రెండుసార్లు బొచ్చు మారుస్తుంది: చలికాలానికి ముందు దట్టమైన, తరచుగా లేత రంగు బొచ్చు, వేసవికి ముందు పలచని, ముదురు బొచ్చు. ఈ మార్పును నడిపించేది ప్రధానంగా పగటి వెలుతురు నిడివి. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటల లోపు ఉంటే, మన శ్రీకాకుళంలో ఆ తేడా సుమారు 13 గంటలకూ 11 గంటలకూ మధ్యనే ఉంటుంది. కాబట్టి ఐరోపా ఫొటోల్లో కనిపించేంత మార్పు ఇక్కడ కనిపించకపోవచ్చు. పైగా రాత్రి పదకొండు దాకా ట్యూబులైటు, టీవీ వెలిగే గదిలో పంజరం ఉంచితే ఆ కాస్త లెక్క కూడా తప్పుతుంది. సూర్యాస్తమయం తర్వాత పంజరానికి మందపాటి గుడ్డ కప్పి, గాలి ఆడేలా ఒక వైపు తెరిచి ఉంచడం మంచి అలవాటు. బొచ్చు రాలే రోజుల్లో అది తన ఒళ్లు నాక్కుంటూ వెంట్రుకలు మింగుతుంది, అవి కడుపులో ఉండకట్టి దారి మూసేయవచ్చు. ఆ రెండు మూడు వారాలు రోజూ మెత్తని బ్రష్‌తో దువ్వాలి.

తెల్ల ఫెరెట్ వయసుతో కొంచెం పసుపు తిరగడం, చర్మపు నూనె వల్ల బొచ్చు జిడ్డుగా కనిపించడం మామూలే. ముదురు రంగు ఫెరెట్లు వయసు పెరిగే కొద్దీ వెలసిపోవడం కూడా సహజమే. సహజం కానిది వేరు: తోక మొదలు దగ్గర బొచ్చు రాలడం మొదలై, వీపు వెనుక భాగానికీ, రెండు పక్కలకూ సమానంగా పాకుతూ, మళ్లీ మొలవకపోతే, అందులోనూ జంతువు మూడేళ్లు దాటినదైతే, అది మూత్రపిండాల దగ్గర ఉండి హార్మోన్లు తయారు చేసే అడ్రినల్ గ్రంథి జబ్బు కావచ్చు. ఈ జబ్బు ఫెరెట్లలో చాలా సాధారణం. తోక మీద మాత్రమే కొన్నాళ్లు బొచ్చు ఊడి మళ్లీ రావడం కూడా ఉంటుంది కాబట్టి కంగారు పడకుండా, నెలకొకసారి ఒకే చోట, ఒకే వెలుతురులో పై నుంచి ఒక ఫొటో తీసి ఉంచుకుంటే తేడా కచ్చితంగా తెలుస్తుంది. పశువైద్యునికి మాటలతో చెప్పడం కన్నా ఆ ఫొటోలు చూపడం ఎక్కువ ఉపయోగం.

వేడి: మన జిల్లాల్లో అసలు సమస్య

ఫెరెట్‌కు చెమట పట్టి ఒళ్లు చల్లబడే ఏర్పాటు దాదాపు లేదు. దాని ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. గది 15 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. 27 దాటితే ఇబ్బంది మొదలవుతుంది. 32 దగ్గర ప్రాణానికే ప్రమాదం. మన తీరంలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పగటి వేడి ఆ గీతను రోజూ దాటుతుంది, పైగా ఉక్కపోత. ఈ ఉక్కపోతే అనేక ఉపాయాలను పనికిరాకుండా చేస్తుంది. ఎయిర్ కూలర్ పనిచేసేది నీరు ఆవిరయ్యే కొద్దీ గాలి చల్లబడడం వల్ల; గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉన్న కళింగపట్నం, భావనపాడు వంటి ఊళ్లలో అది గదిని చల్లబరచడం కన్నా చెమ్మ పెంచడమే ఎక్కువ. ఫ్యాను గాలి కూడా చెమట పట్టే మనకు హాయినిస్తుంది గాని, చెమట పట్టని ఫెరెట్ మీదికి వేడిగాలినే తోస్తుంది. అందుచేత వేసవి నాలుగు నెలలు ఏసీ ఉన్న గది తప్ప మరో మార్గం లేదని నేను నమ్ముతున్నాను. ఆ ఖర్చు భరించలేమనుకుంటే దానిని తెచ్చుకోకపోవడమే సరైన నిర్ణయం, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఏసీ ఉన్నా కరెంటు పోతుంది. సాధారణ ఇన్వర్టర్ ఏసీని మోయదు. కాబట్టి ఫ్రీజరులో ఎప్పుడూ నాలుగైదు లీటరు సీసాల నీళ్లు గడ్డకట్టించి ఉంచుకోవాలి. కరెంటు పోగానే ఒక సీసాను నూలు గుడ్డలో చుట్టి పంజరంలో ఒక మూల పెడితే, ఫెరెట్ తనకు కావలసినంత దగ్గరగా వచ్చి పడుకుంటుంది. ఇష్టం లేకపోతే దూరంగా జరగడానికి చోటు ఉండాలి. పక్కనే ఒక నాపరాయి పలక వేస్తే దాని మీద పొట్ట ఆనించి పడుకోవడం వాటికి ఇష్టం. పెంకుటింటి వారు గచ్చు మీద నడిమి గదిని ఎంచుకోవాలి, స్లాబు ఇంటివారు పై అంతస్తులో పెట్టకూడదు.

తుపాను రోజులకు ఇంకాస్త ముందుచూపు కావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత ఉద్దానం పల్లెల్లో చాలా రోజులు కరెంటు లేదు. అలాంటప్పుడు మంచు కరిగిపోవడం ఒక్కటే కాదు, ఫ్రీజరులోని మాంసం కూడా పాడవుతుంది. పది రోజులకు సరిపడే పొడి ఆహారం గాలి చొరబడని డబ్బాలో ఎప్పుడూ ఉండాలి. ఆ ఆహారాన్ని మామూలు రోజుల్లోనే వారానికి రెండు మూడు సార్లు పెట్టి అలవాటు చేసి ఉండాలి. ఫెరెట్ చిన్నప్పుడు ఏ రుచికి అలవాటు పడిందో దానినే ఆహారంగా గుర్తిస్తుంది. తెలియని తిండిని ఆకలితో ఉన్నా ముట్టకపోవచ్చు.

నోరు తెరిచి రొప్పడం, నేలకు అతుక్కున్నట్టు బారుగా పడి ఉండడం, నోట్లోంచి జొల్లు కారడం, చిగుళ్లు ఎర్రబడడం వడదెబ్బ గుర్తులు. అప్పుడు మంచు నీళ్లలో ముంచకూడదు; చర్మం దగ్గరి రక్తనాళాలు ఒక్కసారిగా ముడుచుకుని లోపలి వేడి బయటికి రాదు. మామూలు చల్లని నీళ్లతో పాదాలు, పొట్ట, తొడల లోపలి భాగం తడుపుతూ, తడిసిన ఒంటి మీదికి ఫ్యాను గాలి తగలనిస్తూ, వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకెళ్లాలి. ఆగి ఉన్న కారులో దానిని ఐదు నిమిషాలైనా వదలకూడదు.

తిండి

ఫెరెట్ పూర్తి మాంసాహారి. దాని పేగు పొట్టిది, పీచును పులియబెట్టే అంధనాళం దానికి అసలే లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అందుకే అన్నం, పప్పు, పెరుగు, రొట్టె, పళ్లు దానికి తిండి కావు. ‘మన ఇంట్లో అందరూ తినేదే కొంచెం పెడదాం’ అనే మంచి మనసుతో పెట్టే బెల్లం ముక్క, అరటిపండు ముక్క కాలక్రమంలో దానికి కీడే చేస్తాయి. నడివయసు దాటిన ఫెరెట్లలో క్లోమగ్రంథిలో ఇన్సులిన్ ఎక్కువగా తయారు చేసే కణితులు తరచుగా వస్తాయి. తీపి వల్ల రక్తంలో చక్కెర ఎగసి పడిపోవడం ఆ క్లోమం మీద భారం పెంచుతుంది. పాలు విరేచనాలు తెప్పిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష విషంతో సమానం. జీడిపప్పు వంటి గింజలు పేగులో అడ్డం పడవచ్చు. శాకాహారుల ఇంట్లో దీనిని శాకాహారంతో పెంచడం సాధ్యం కాదు, ప్రయత్నించకూడదు.

మరి ఏం పెట్టాలి? మన ఊళ్లలో ఫెరెట్ కోసమే తయారైన ఆహారం దొరకడం కష్టం కాబట్టి, మంచి పిల్లికూనల పొడి ఆహారం ఆధారంగా పెట్టుకోవచ్చు. సంచి మీద మొదటి పదార్థంగా మాంసం ఉండాలి. మాంసకృత్తులు 35 శాతానికి తగ్గకుండా, కొవ్వు 20 శాతం దగ్గరగా, పీచు 3 శాతం లోపు ఉండాలి. కుక్క ఆహారం సరిపోదు. దానికి తోడు తాజా కోడి మెడ, రెక్క, గుండె, కందనకాయ, కౌజు పిట్ట మాంసం పెట్టవచ్చు. కార్జం మంచిదే గాని అందులో విటమిన్ ఎ ఎక్కువ కాబట్టి మొత్తం మాంసంలో పదో వంతు దాటకూడదు. ఎముక లేని మాంసం మాత్రమే పెడుతూ పోతే కాల్షియం చాలక ఎముకలు బలహీనమవుతాయి. పచ్చి మెడ, రెక్కల్లోని మెత్తని ఎముకను అది నమిలేస్తుంది. ఉడికించిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు, అది పెళుసై ముక్కలు గుచ్చుకుంటాయి. ఉప్పు చేప, ఎండు రొయ్యలు మనకు ఇష్టమైనా దానికి ఆ ఉప్పు పడదు.

పచ్చి మాంసం విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. మన వేడిలో గిన్నెలో పెట్టిన మాంసాన్ని అరగంట తర్వాత తీసేయాలి. అది తినకుండా నోట కరచుకుని మంచం కిందో, దుప్పటి మడతలోనో దాచిపెడుతుంది కాబట్టి ఆ దాపులను రోజూ వెతికి శుభ్రం చేయాలి. రెండోది, బర్డ్ ఫ్లూ. ఫెరెట్‌కు ఇన్‌ఫ్లుయెంజా సులువుగా సోకుతుంది. 1933లో లండన్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లైడ్లా మనుషుల ఫ్లూ వైరస్‌ను వేరుచేయగలిగింది ఫెరెట్ల వల్లనే. కాబట్టి 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినట్టు మరెప్పుడు వార్త వచ్చినా, పచ్చి కోడి మాంసం పూర్తిగా ఆపి, ఎముక తీసి బాగా ఉడికించిన మాంసం, పొడి ఆహారం మాత్రమే పెట్టాలి. ఇంట్లో ఎవరికైనా జలుబు, జ్వరం ఉంటే వారు ఫెరెట్‌ను ఎత్తుకోకూడదు.

పొడి ఆహారం, నీళ్లు రోజంతా అందుబాటులో ఉండాలి. చీమల బెడదకు మన పెద్దలు వాడిన ఉపాయమే ఉత్తమం: వెడల్పు పళ్లెంలో నీళ్లు పోసి మధ్యలో బరువైన గిన్నె పెట్టాలి. చీమల మందు, లక్ష్మణరేఖ సుద్ద ఆ గదిలోకి రానీయకూడదు.

ఇల్లు, కన్నాలు, నిద్ర

తల దూరిన కన్నంలోంచి ఫెరెట్ ఒళ్లంతా దూరుతుంది. దానిని తెచ్చే ముందు మనిషి నేల మీద పడుకుని ఆ ఎత్తునుంచి గది మొత్తం చూడాలి. స్నానాల గది తూము, వంటింటి నీళ్లు పోయే గొట్టం, తలుపు కింది సందు, సిమెంటు జాలీ, బీరువా వెనుక, ఫ్రిజ్ మోటారు దగ్గర, సోఫా అడుగున చిరిగిన గుడ్డ ఇవన్నీ దాని దారులు. తూములకు ఇనుప జల్లెడ బిగించాలి. వాషింగ్ మెషీన్ వేసే ముందు బట్టల్లో అది పడుకుని లేదని చేతితో తడిమి చూసుకోవాలి. రబ్బరు దానికి విపరీతమైన ఇష్టం: హవాయి చెప్పులు, రబ్బరు బ్యాండ్లు, పిల్లల చెరిపే రబ్బర్లు, ఫోమ్ కొరికి మింగేస్తుంది, అవి పేగులో అడ్డుపడితే ఆపరేషన్ తప్ప గతి లేదు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే మన అలవాటుకు ఒక మూతపెట్టె తోడు కావాలి.

పంజరం రెండు మూడు అంతస్తులది, కమ్మీల మధ్య సందు అంగుళం కన్నా తక్కువ ఉన్నది ఎంచుకోవాలి. తీగల అడుగు పాదాలను పుండు చేస్తుంది కాబట్టి గుడ్డ పరవాలి. పాత నూలు పంచెను మడిచి నాలుగు మూలలా కట్టిన ఊయల దానికి పట్టుపరుపుతో సమానం. దారం పోగులు లేచే టవలు మాత్రం గోళ్లకు చిక్కుకుంటుంది. ఇది రోజుకు 14 నుంచి 18 గంటలు నిద్రపోతుంది. ఒక్కోసారి ఎత్తినా, కదిపినా లేవనంత గాఢంగా, ఒళ్లు వాలేసి నిద్రపోయి కొత్తవారిని బెదరగొడుతుంది. ఒళ్లు వెచ్చగా ఉండి శ్వాస ఆడుతుంటే నిదానంగా రెండు మూడు నిమిషాల్లో లేస్తుంది. మెలకువగా ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు గంటలైనా పంజరం బయట, మన కళ్ల ముందు తిరగనివ్వాలి. వీపు విల్లులా వంచి, పక్కలకు గెంతుతూ, కుక్‌కుక్‌మని చిన్నగా సణగడం దాని సంతోషం. దానిని చూసి కోపం అనుకోనక్కర లేదు.

మలవిసర్జనకు అది వెనక్కి నడిచి మూలను ఎంచుకుంటుంది. ఆ మూలలో అంచు తక్కువ ఉన్న తొట్టి పెట్టి, చింపిన వార్తాపత్రిక ముక్కలు వేస్తే చాలు. నీటికి ఉండకట్టే మట్టి, రంపపు పొట్టు, ధాన్యపు ఊక దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు చేటు. ఎంత నేర్పినా అప్పుడప్పుడు గురి తప్పుతుంది, దానికి కొట్టకూడదు.

కోళ్లు, లవ్ బర్డ్స్, కుందేళ్లు ఉన్న ఇంట్లో ఫెరెట్‌ను పెట్టడం అంటే వేటగాడినీ వేటనూ ఒకే గదిలో ఉంచడమే. పసిబిడ్డ దగ్గర దానిని ఒంటరిగా వదలకూడదు.

వాసన, గోళ్లు, చెవులు

దీనికి ఒక రకమైన కస్తూరి వాసన ఉంటుంది, అది పూర్తిగా పోదు. తరచుగా స్నానం చేయిస్తే చర్మం ఇంకా ఎక్కువ నూనె ఊరుస్తుంది, వాసన పెరుగుతుంది. నెలకు ఒకసారికి మించి స్నానం వద్దు. పడక గుడ్డలు వారానికి రెండుసార్లు ఉతికి ఎండలో ఆరవేయడం వల్లే సగం వాసన పోతుంది. గోళ్లు రెండు వారాలకోసారి, లోపలి ఎర్ర నరం తగలకుండా కత్తిరించాలి. చెవిలో ఇటుక రంగు గులిమి మామూలు. నల్లగా, కాఫీ పొడిలా ఉంటే చెవి పురుగులు ఉండవచ్చు.

వైద్యం

తెచ్చే ముందే వైద్యుని వెతుక్కోవాలి. ఫెరెట్‌ను చూసిన అనుభవం ఉన్నవారు మన జిల్లాల్లో అరుదు కాబట్టి, కుక్కపిల్లలకు వైద్యం చేసే డాక్టరుతో ముందుగా మాట్లాడి ఒప్పించుకోవడం, విజయనగరం జిల్లా గరివిడిలోని పశువైద్య కళాశాలలో సంప్రదించడం, శస్త్రచికిత్స అవసరమైతే విశాఖపట్నం వెళ్లే ఏర్పాటు చూసుకోవడం మంచిది. రేబీస్ టీకా మూడు నెలల వయసులో వేయించి ఏటా కొనసాగించాలి. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు ఫెరెట్‌కు సోకితే అది దాదాపు బతకదు. వీధికుక్కలు తిరిగే చోట నడిచి వచ్చిన మన చెప్పులు కూడా ఆ వైరస్‌ను లోపలికి తేవచ్చు. అయితే కుక్కల కోసం చేసిన సజీవ టీకాలన్నీ, అంటే బలహీనపరచిన వైరస్‌తో చేసినవన్నీ, దీనికి సురక్షితం కావు. ఏది వేయాలో వైద్యుడే నిర్ణయించాలి, వేసిన తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. దోమకాటుతో వచ్చే గుండె పురుగులు ఒకటి రెండు ఉన్నా దాని చిన్న గుండె తట్టుకోలేదు. కిటికీలకు దోమతెర, వైద్యుడు రాసిన నెలవారీ మందు రెండూ కావాలి. మనం వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ దానికి ఎప్పుడూ ఇవ్వకూడదు.

ఆడ ఫెరెట్ ఎదకు వచ్చిన తర్వాత మగదానితో కలిస్తే తప్ప ఆ ఎద తనంతట సులువుగా తగ్గదు. వారాల తరబడి ఈస్ట్రోజన్ ఎక్కువగా ఉండిపోతే ఎముక మజ్జ రక్తకణాలు తయారు చేయడం మానేసి, జంతువు రక్తహీనతతో చనిపోతుంది. పిల్లలు వద్దనుకునేవారు శస్త్రచికిత్స గురించో, హార్మోను ఇంప్లాంట్ గురించో మొదటి ఎదకు ముందే వైద్యునితో మాట్లాడాలి.

వెనుక కాళ్లు తూలడం, శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, మూతిని పంజాలతో గోక్కోవడం రక్తంలో చక్కెర పడిపోయిన గుర్తులు. అప్పుడు మాత్రమే చిగుళ్ల మీద కాస్త తేనె రాసి వైద్యుని దగ్గరికి పరుగెత్తాలి. ఒక పూట పూర్తిగా తినకపోయినా, మలం ఆగిపోయినా ఇంతే తొందర కావాలి.

తప్పిపోతే

ఇల్లు దాటిన ఫెరెట్ దారి గుర్తుపట్టి తిరిగి రావడం అరుదు. న్యూజీలాండ్‌లో కుందేళ్లను అదుపు చేయడానికి 1880ల నుంచి వదిలిన ఫెరెట్లు నేల మీద గూడు కట్టే పక్షులకు ఎంత చేటు చేశాయంటే, 2002లో వాటిని అమ్మడాన్నీ, వాటితో పిల్లలు పెట్టించడాన్నీ ఆ దేశం నిషేధించింది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో, ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో ఏటా కొంగలు గూళ్లు కట్టే మన జిల్లాలో, అక్కరలేదని దానిని పొలాల్లో వదిలేయడం దానికీ, పక్షులకూ ద్రోహం.

తప్పిపోయిన మొదటి గంటలోనే వెతకాలి. ముందు ఇంట్లోనే, బీరువా కింద, బట్టల మూటల్లో చూడాలి. ఆ తర్వాత గోడవారనే తూములు, కట్టెల మోపులు, ఇటుకల గుట్టలు. అది వాడిన పడక గుడ్డను ఒక అట్టపెట్టెలో వేసి, దాని ఆహారం కొంచెం పెట్టి, సాయంత్రం చల్లబడ్డాక గుమ్మం పక్కన ఉంచాలి. ఈ జంతువు తెల్లవారుజామునా, సంజవేళా చురుకుగా తిరుగుతుంది. ఇరుగుపొరుగుకు ఫొటో చూపించి, ఇది ముంగిస కాదనీ, కర్రతో తరమవద్దనీ, కనిపిస్తే ఒక బుట్ట బోర్లించి కబురు చేయమనీ చెప్పాలి. వెలిగే కళ్ల రంగు, పాదాల తెల్ల మేజోళ్లు, గొంతు కింది మచ్చ ఏ పక్కకు ఉందో ఆ ఫొటోలో స్పష్టంగా కనిపిస్తే, చీకట్లో టార్చి వెలుతురులో చూసినవారు కూడా దానిని గుర్తుపట్టగలరు.